రన్నింగ్ వైండింగ్, స్టార్టింగ్ వైండింగ్, మధ్యలో జే

ప్రశ్న: సార్, మాది ఎమ్మిగనూరు. పాలిటెక్నిక్ అయినాక ఈసెట్ రాసి కర్నూలులో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) రెండో సంవత్సరంలో చేరినాను. రూట్ మైనస్ 1 ను మ్యాథ్స్ సార్ ఐ అంటారు, నెట్‌వర్క్స్ మేడమ్ జే అంటారు. క్యాలిక్యులేటర్ మీద ఐ అనే ఉంది. మిడ్ పరీక్షలో ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుకు సర్క్యూట్ పెట్టే అడ్డు) లెక్కలో జే బదులు ఐ రాస్తే మార్కు పోయింది. పవర్ లెక్కలో కాంజుగేట్ (జే ముందు గుర్తు మార్చి రాయడం) మరిచిపోతే ఇంకో మార్కు పోయింది. ఫిజిక్స్ వీడియో చూసి చేసిన లెక్కలో మా పుస్తకంలో మైనస్ ఉన్నచోట ప్లస్ వచ్చింది. అసలు లేని సంఖ్యతో, తీగలో ఉన్న కరెంటును ఎట్లా లెక్కేస్తాం? మా నాయనకు మోటారు వైండింగ్ అంగడి ఉంది. జే అనే అక్షరం తెలియకుండానే ఎన్నో ఏండ్లుగా మోటార్లు బాగుచేస్తా ఉన్నాడు. ఇదంతా బట్టీ పట్టడానికేనా? నాకు లెక్కలు రావేమోనని భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, మీ నాయనకు జే అక్షరం తెలియకపోవచ్చు. కానీ ఆయన రోజూ దాన్ని చేత్తో పట్టుకుంటున్నాడు. నీకు పోయిన మార్కులకూ లెక్కలు రాకపోవడానికీ సంబంధం లేదు. నువ్వు చెప్పిన మూడు తప్పులూ మూడు వేర్వేరు సంగతులు. ఒకటి అక్షరానిది, ఒకటి కాంజుగేట్‌ది, ఒకటి గుర్తుల ఒప్పందానిది. మూడింటికీ జవాబు చెబుతాను. ముందు అంగట్లోకి పోదాం.

ఇంటి బోరుకు వేసే సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ ప్యానెల్ పెట్టె తెరిచి చూడు. మోటారుకు మూడు తీగలు పోతుంటాయి: కామన్, రన్నింగ్, స్టార్టింగ్. స్టార్టింగ్ వైండింగ్‌కు పోయే దారిలో సిరీస్‌లో కెపాసిటర్ ఉంటుంది. ఆ కెపాసిటర్ పోయిందంటే మోటారు గుయ్యిమని మోత పెడుతుంది తప్ప తిరగదు. గిరాకీ ఫోన్లో ఆ మోత గురించి చెప్పగానే, మోటారు చూడకుండానే మీ నాయన 'కెపాసిటర్ పోయుంటుంది' అనేస్తాడు.

ఎందుకు తిరగదు? రన్నింగ్ వైండింగ్ ఒక్కటే ఉంటే అయస్కాంత క్షేత్రం ఒకే గీత మీద పెరుగుతూ తరుగుతూ, దిశ మార్చుకుంటూ ఉంటుంది. అది ఎటూ తిరగదు, కాబట్టి రోటర్‌ను, అంటే మోటారులో తిరిగే భాగాన్ని, ఎటూ తిప్పదు. తిరిగే క్షేత్రం కావాలంటే రెండో వైండింగ్ కావాలి. కదలని భాగమైన స్టేటర్‌లో అది మొదటిదానికి 90 ఎలక్ట్రికల్ డిగ్రీల దూరంలో ఉండాలి, దానిలో కరెంటు కూడా మొదటిదానికి దాదాపు పావు సైకిల్ ముందుండాలి. మన సప్లై 50 హెర్ట్జ్, అంటే ఒక సైకిల్‌కు 20 మిల్లీసెకన్లు, పావు సైకిల్‌కు 5. స్లాట్లలో దూరాన్ని వైండింగ్ చేసే చెయ్యి తెస్తుంది, కాలంలో తేడాను కెపాసిటర్ తెస్తుంది. ఈ 'పావు సైకిల్ ముందు' అనే మాటను కాగితం మీద రాయడానికి మనం వాడే గుర్తే జే.

కెపాసిటర్ ఒక్కటే కాదు. మోటారు ఎదురు తిరుగుతుంటే స్టార్టింగ్ వైండింగ్ రెండు కొసలూ మార్చి కలుపుతారు. కొసలు మార్చడమంటే ఆ కరెంటును మైనస్ 1 తో గుణించడం. అంతవరకు జే ఉన్నచోట మైనస్ జే వచ్చి కూర్చుంటుంది, తిరిగే దిశ మారుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకో, ప్లస్ మైనస్‌ల పేచీ తేల్చేటప్పుడు పనికొస్తుంది.

ఇక 'లేని సంఖ్య' సంగతి. బడిలో డ్రిల్ చేసేటప్పుడు పీఈటీ సార్ 'బాయే ముడ్' అంటే ఎడమకు తిరుగుతాం. మళ్లీ 'బాయే ముడ్' అంటే ఇంకోసారి తిరుగుతాం, అప్పుడు ముఖం మొదట ఉన్న దిక్కుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. జే చేసే పని అంతే. ఒకసారి జే తో గుణిస్తే పావు చుట్టు. రెండోసారి గుణిస్తే అర చుట్టు, అంటే మైనస్ 1. జే స్క్వేర్ మైనస్ 1 కావడంలో ఇంతకుమించి రహస్యం లేదు. ఒకే గీత మీద అటూ ఇటూ మాత్రమే నడిచేవాడికి ఎడమకు తిరగడమనేదే ఉండదు, అందుకే సంఖ్యారేఖ మీద వెదికితే దీనికి చోటు దొరకదు. తలం మీదికి వస్తే దొరుకుతుంది. ఇది తేలడానికి గణితజ్ఞులకే చాలా కాలం పట్టింది. 1545లో కార్డానో, 10ని రెండు భాగాలు చేసి వాటి లబ్ధం 40 రావాలనే లెక్కకు 5 ప్లస్ రూట్ మైనస్ 15, 5 మైనస్ రూట్ మైనస్ 15 అని జవాబు రాసి, దానివల్ల ప్రయోజనం లేదనుకున్నాడు. ఈ సంఖ్యలను తలం మీద బాణాలుగా చూపించే పద్ధతిని వెసెల్ 1797లో, ఆర్గాండ్ 1806లో చెప్పారు. ఇంటర్ పుస్తకంలో చదివిన ఆర్గాండ్ తలం ఆయన పేరు మీదిదే. రెండున్నర శతాబ్దాలు పెద్దవాళ్లనే తికమక పెట్టింది నీకు ఒక్క సెమిస్టర్‌లో లొంగలేదని భయపడకు.

కరెంటు పనిలోకి ఇది ఎట్లా వచ్చిందో కూడా తెలుసుకో. ఏసీ సర్క్యూట్లను మొదట్లో డిఫరెన్షియల్ సమీకరణాలతోనే సాధించేవారు. ఒక కాయిల్, ఒక రెసిస్టెన్స్ ఉన్న చిన్న సర్క్యూట్‌కు కూడా పేజీలు నిండేవి. 1893లో ఆర్థర్ కెనెలీ ఇంపిడెన్స్ మీద ఒక పత్రం చదివి, దాన్ని సంకీర్ణ సంఖ్యగా, అంటే వాస్తవ భాగం, జే భాగం కలిసిన సంఖ్యగా రాయవచ్చని చూపించాడు. ఈయన పుట్టింది మన బొంబాయిలోని కొలాబాలో, 1861లో. అదే 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభలో చార్లెస్ స్టెయిన్‌మెట్జ్ ఏసీ సర్క్యూట్ల లెక్క మొత్తాన్ని ఈ పద్ధతిలోకి తెచ్చాడు. ఆయన జే ను పరిచయం చేసిన తీరు నాకు చాలా ఇష్టం. ముందు దాన్ని ఏ అర్థమూ లేని ఆనవాలుగా, 'ఇది నిలువు భాగం' అని చెప్పడానికి మాత్రమే పక్కన పెడతాడు. తర్వాత ఆ బాణాన్ని పావు చుట్టు, మరో పావు చుట్టు తిప్పి, అది తలకిందులైంది కాబట్టి జే స్క్వేర్‌ను మైనస్ 1 గా తీసుకోవాలి అంటాడు. ముందు తిప్పడం, ఆ తర్వాతే రూట్ మైనస్ 1. మన క్లాసుల్లో దీన్ని తిరగేసి చెబుతున్నారు, నీలాంటి పిల్లలు అక్కడే చిక్కుకుంటున్నారని నా గట్టి అభిప్రాయం.

తిప్పడం అర్థమైతే కాయిల్ ఇంపిడెన్స్ జే ఒమేగా ఎల్‌ను (ఒమేగా అంటే 2 పై × ఫ్రీక్వెన్సీ, ఎల్ అంటే కాయిల్ ఇండక్టెన్స్) బట్టీ పట్టే పని లేదు. కాయిల్ మీద వోల్టేజీ కరెంటు మారే వేగాన్ని బట్టి ఉంటుంది. సైన్ వేవ్ మారే వేగం కూడా సైన్ వేవే, కాకపోతే పావు సైకిల్ ముందుంటుంది, ఒమేగా రెట్లు పెద్దగా ఉంటుంది. 'పావు సైకిల్ ముందు' అంటే జే, 'ఒమేగా రెట్లు' అంటే ఒమేగా. అందుకే కాయిల్‌కు జే ఒమేగా ఎల్. కెపాసిటర్‌లో దీనికి ఎదురు, అక్కడ కరెంటే ముందుంటుంది. డిఫరెన్షియేషన్ అంతా ఒక గుణకారంగా మారిపోయింది.

మొదటి మార్కు సంగతికి వద్దాం. రూట్ మైనస్ 1 కు ఐ అని ఆయిలర్ 1777లో రాశాడు, గౌస్ వాడాక అది స్థిరపడింది. ఇటు కరెంటుకు ఐ అనే అక్షరం ఆంపియర్ నాటి నుంచే ఉంది, కరెంటు 'తీవ్రత'కు ఫ్రెంచిలో ఉన్న మాట మొదటి అక్షరం అది. రెండూ ఒకే సమీకరణంలోకి వస్తే ఏది కరెంటో ఏది పావు చుట్టో తెలియదు, కాబట్టి మనవాళ్లు పక్క అక్షరం తీసుకున్నారు. గణితంలో ఐ, మన శాఖలో జే. రెండూ ఒకటే, ఏదీ తప్పు కాదు. కానీ ట్రిపుల్ ఈ జవాబుపత్రంలో చిన్న ఐ అంటే ఆ క్షణాన ఉన్న కరెంటు, పెద్ద ఐ అంటే ఆర్‌ఎంఎస్ కరెంటు (మీటరులో కనబడే విలువ), మీద గీత లేదా చుక్క ఉన్న పెద్ద ఐ అంటే ఫేజర్ (పరిమాణం, కోణం రెండూ ఉన్న బాణం). ఇన్ని పనులు చేస్తున్న అక్షరానికి ఇంకోటి అంటగడితే దిద్దేవారికి దారి దొరకదు. మీ మేడమ్ కోసింది న్యాయమే. ఇప్పటి నుంచి ప్రతి లెక్క మొదట ఒక వాక్యం రాయి: 'ఫేజర్లన్నీ ఆర్‌ఎంఎస్, వోల్టేజీ రిఫరెన్స్, కోణాలు డిగ్రీల్లో'. సగం తప్పులు ఆ వాక్యం రాస్తుండగానే కనబడతాయి.

కాంజుగేట్ అంకెలతోనే తెలుస్తుంది. చేలో త్రీఫేజ్ మోటారు ఉందనుకో. ఒక ఫేజుకు 230 వోల్టులు, ఇంపిడెన్స్ 18.4 + జే13.8 ఓములు. దాని పరిమాణం 23 ఓములు, కోణం 36.87 డిగ్రీలు. కరెంటు 10 ఆంపియర్లు, 36.87 డిగ్రీలు వెనక, అంటే 8 − జే6. మూడు ఫేజులకు కలిపి 5.5 కిలోవాట్ల పైచిలుకు, దాదాపు 5 హెచ్‌పీ మోటారు లాగేంత.

ఇక్కడ వోల్టేజీని 8 − జే6 తో అట్లాగే గుణిస్తే 1840 − జే1380 వస్తుంది. కాంజుగేట్ తీసుకుని 8 + జే6 తో గుణిస్తే 1840 + జే1380. మోటారు రియాక్టివ్ పవర్ (పనికి రాకుండా లైనులో అటూ ఇటూ తిరిగే భాగం) తీసుకుంటుంది కాబట్టి మన ఒప్పందం ప్రకారం అది ప్లస్ ఉండాలి. ఇది గుర్తు తేడా మాత్రమే అనుకుంటే పొరపాటు. సంకీర్ణ సంఖ్యలను గుణిస్తే కోణాలు కలుస్తాయి. పవర్‌కు కావలసింది వోల్టేజీకీ కరెంటుకూ మధ్య ఎడం, అంటే కోణాల తేడా. వోల్టేజీ కోణం సున్నా అని పెట్టుకున్నాం కాబట్టి వాట్లు ఎట్లాగో సరిగ్గా వచ్చాయి. వోల్టేజీ 30 డిగ్రీల దగ్గర, కరెంటు −6.87 డిగ్రీల దగ్గర ఉందనుకో. మోటారు అదే, ఎడం అదే 36.87. కాంజుగేట్ లేకుండా గుణిస్తే కోణం 23.13 వచ్చి వాట్లు కూడా 2115కు పోతాయి. గడియారం ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి మోటారు లాగే పవర్ మారుతుందా? మారకూడదు. కాంజుగేట్ ఉన్నది అందుకే.

'లేని సంఖ్య' అన్నావే, ఆ జే6 లైనులో ఏం చేస్తుందో చూడు. పని చేసేది 8 ఆంపియర్లే అయినా తీగ మోసేది 10. ఆ 10 ఆంపియర్లకే తీగ కాగుతుంది, బోరు దగ్గర వోల్టేజీ పడిపోతుంది. మోటారు దగ్గరే, సప్లైకి అడ్డంగా ప్యారలల్‌లో ఫేజుకు 83 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే అది + జే6 ఆంపియర్లు తీసుకుంటుంది. 8 − జే6 కు దాన్ని కలిపితే 8. లైనులో నష్టం కరెంటు స్క్వేర్‌ను బట్టి ఉంటుంది కాబట్టి నూటికి 36 వంతులు తగ్గింది. ఫీల్డులో జే భాగాన్ని పూర్తిగా సున్నాదాకా తేరు, కెపాసిటర్ మరీ పెద్దదైతే స్విచ్ తీసేసినప్పుడు మోటారే జనరేటర్‌లా వోల్టేజీ పుట్టించే ప్రమాదం ఉంది. ఉచిత కరెంటు వచ్చినప్పుడు రైతులు పెట్టుకోవలసిన వాటిలో ఐఎస్ఐ మార్కు పంపుసెట్‌తో పాటు కెపాసిటర్‌ను కూడా చేర్చింది ఈ జే భాగం కోసమే. దాన్ని మోటారు దగ్గర కాకుండా దూరాన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెడితే మధ్యలో ఉన్న ఎల్‌టీ (లో టెన్షన్) లైను ఎప్పటిలాగే 10 ఆంపియర్లు మోస్తుంది.

ఇది తెలిస్తే ఇంకో మోసం నుంచి కూడా బయటపడతావు. ఇంట్లో ప్లగ్గుకు పెడితే బిల్లు తగ్గిస్తుందని చిన్న డబ్బాలు అమ్ముతుంటారు. లోపల ఉండేది చాలావరకు ఒక కెపాసిటర్. ఇంటి బిల్లు యూనిట్ల లెక్క, అంటే వాస్తవ భాగం లెక్క. ఆ డబ్బా తాకేది జే భాగాన్ని. బిల్లు ఎందుకు తగ్గుతుంది? హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకైతే వాస్తవ, జే భాగాలు రెండూ లెక్కలోకి వచ్చే కేవీఏహెచ్ లెక్కన బిల్లు పడుతుంది కాబట్టి వాళ్లకు కెపాసిటర్ బ్యాంకులు నిజంగానే డబ్బు మిగులుస్తాయి. అంగడికి వచ్చే గిరాకీలకు ఈ తేడా చెప్పు.

మూడోది, ఫిజిక్స్ వీడియోలో గుర్తు తిరగబడడం. దీని మీద కాస్త నిలబడాలి, ఎందుకంటే మోటారు గుయ్యిమనడానికీ దీనికీ మూలం ఒక్కటే. కాస్ తీటా అంటే ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ, ఒకే వేగంతో తిరిగే రెండు సమానమైన బాణాల మొత్తంలో సగం. ఒక బాణం e అనే సంఖ్యకు జే తీటా ఘాతంతో, ఇంకోటి మైనస్ జే తీటా ఘాతంతో. రెండూ కలిసినప్పుడు నిలువు భాగాలు రద్దయి, ఒకే గీత మీద ఊగే వాస్తవ రాశి మిగులుతుంది. రెండో బాణం మొదటిదానికి అద్దంలో ప్రతిబింబం, ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే. కాబట్టి లెక్కకు ఒక్కదాన్నే ఉంచుకుంటాం. ఏది ఉంచుకోవాలి? కాలంతో తిరిగేటప్పుడు తీటా అంటే ఒమేగా టీ, ఎలక్ట్రికల్ వాళ్లు ప్లస్ జే ఒమేగా టీ ఉంచుకున్నారు. తరంగాల గురించి రాసే ఫిజిక్స్ వాళ్లు చాలామంది మైనస్ ఐ ఒమేగా టీ ఉంచుకున్నారు. అందుకే నష్టం ఉన్న డైఎలెక్ట్రిక్‌కు (ఇన్సులేటర్ పదార్థానికి) మన పుస్తకంలో మైనస్ జే, వాళ్ల పుస్తకంలో ప్లస్ ఐ ఉంటుంది. పదార్థం వేడెక్కడంలో రెంటికీ తేడా లేదు. వాళ్ల ఐ ఉన్నచోటల్లా మైనస్ జే రాస్తే మన జవాబు వస్తుంది. సగం లెక్క ఒక పుస్తకంలో, సగం ఇంకో పుస్తకంలో చేస్తే మాత్రం తప్పు తప్పదు. స్టెయిన్‌మెట్జ్ తొలి పుస్తకాల్లో కాయిల్ ఇంపిడెన్స్ కూడా ఆర్ మైనస్ జే ఎక్స్ (ఆర్ అంటే రెసిస్టెన్స్, ఎక్స్ అంటే జే భాగమైన రియాక్టెన్స్) అనే ఉంటుంది. ఒప్పందం తర్వాత మారింది, కాయిల్ మారలేదు.

కాగితం మీద ఒక బాణాన్ని వదిలేయవచ్చు. సింగిల్ ఫేజ్ మోటారులో అది వదిలేసినా పోదు. రన్నింగ్ వైండింగ్ ఒక్కటే పుట్టించే ఊగే క్షేత్రంలో నిజంగానే ఎదురెదురుగా తిరిగే రెండు సమాన క్షేత్రాలు ఉన్నట్టే లెక్క. రెండూ రోటర్‌ను చెరోవైపు సమానంగా లాగుతాయి. కెపాసిటర్ పోయిన మోటారు గుయ్యిమని నిలబడిపోవడం అదే. కెపాసిటర్ పోయిన ఫ్యాన్‌ను కర్రతో ఎటు నెడితే అటు తిరగడం మొదలుపెట్టడమూ అదే, నెట్టిన వైపు బాణానిది పైచేయి అవుతుంది. మెషీన్స్ సబ్జెక్టులో డబుల్ రివాల్వింగ్ ఫీల్డ్ థియరీ పేరుతో ఇది మళ్లీ వస్తుంది. అప్పుడు దాన్ని కొత్త పాఠంగా చదవకు.

కొన్ని చిన్న జాగ్రత్తలు. క్యాలిక్యులేటర్‌లో ఐ ఉన్నా భయం లేదు, కాగితం మీదికి దించేటప్పుడు జే రాయి. ఒమేగా టీ, అంటే మన 50 హెర్ట్జ్‌కు 314టీ, రేడియన్లలో ఉంటుంది, పక్కనే కలిపే 30 డిగ్రీలు వేరే కొలత, వాటిని కలిపేముందు ఒకే కొలతలోకి మార్చు. పైథాన్‌లో జే ముందు అంకె తప్పనిసరి, ఉత్త జే రాస్తే దాన్ని వేరియబుల్ పేరనుకుంటుంది, 1జే అని రాయాలి. మ్యాట్‌ల్యాబ్‌లో ఐ, జే రెండూ పనిచేస్తాయి కానీ లూప్ లెక్కపెట్టడానికి అవే అక్షరాలు వాడితే వాటి విలువ మారిపోతుంది. ఇక ఫేజర్ ఒకే ఫ్రీక్వెన్సీకి, స్థిరపడిన సర్క్యూట్‌కు మాత్రమే. స్విచ్ వేసిన క్షణానికీ, హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు రెట్లుగా ఉండే ఫ్రీక్వెన్సీలు) నిండిన కరెంటుకూ ఒకే జే లెక్క వేయకు. 150 హెర్ట్జ్ దగ్గర అదే కాయిల్ రియాక్టెన్స్ మూడు రెట్లు అవుతుంది, దాని లెక్క వేరుగా వేయాలి.

ఈ ఆదివారం ఊరికి పోయినప్పుడు ఒక పని చెయ్యి. మీ నాయన పక్కనుండగా, ఆయన చెప్పినట్టే, నడుస్తున్న సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ ప్యానెల్ దగ్గర క్లాంప్ మీటరుతో మూడు తీగల కరెంటూ చూడు. ఒక్కో తీగకు విడిగా, ఇన్సులేషన్ మీదే క్లాంప్ వేయాలి, టెర్మినళ్ల దగ్గరికి చెయ్యి పోనీయవద్దు. రన్నింగ్‌లో 6, స్టార్టింగ్‌లో నాలుగున్నర ఆంపియర్లు వచ్చాయనుకో. కామన్‌లో పదిన్నర కనబడదు, కోణం సరిగ్గా 90 అయితే ఏడున్నర వస్తుంది. నీకు వచ్చిన మూడు అంకెలనూ ఈ సూత్రంలో పెట్టు: కామన్ స్క్వేర్ = రన్నింగ్ స్క్వేర్ + స్టార్టింగ్ స్క్వేర్ + 2 × రన్నింగ్ × స్టార్టింగ్ × కాస్ తీటా. తీటా ఎంత వచ్చిందో మీ నాయనకు చూపించు. మోటారు మీద ఉన్న లోడును బట్టి 90కి అటో ఇటో ఉంటుంది. తర్వాత ఆ కరెంట్లనే ఏ + జే బీ రూపంలో రాసి కూడి, కామన్‌తో సరిపోయిందేమో చూసి నాకు రాయి.